కాంప్లెక్స్ మీటింగ్‌ను పాఠం చుట్టూ నడపడం ఎలా?

మీరు కాంప్లెక్స్ (దగ్గర దగ్గర బడుల గుంపు) హెచ్‌ఎం అయినా, సీఆర్‌ఎంటీ (ఆ బడులకు తిరుగుతూ సాయపడే టీచరు) అయినా, "ఈసారి మీటింగ్ మీరు చూసుకోండి మాస్టారూ" అని బాధ్యత పడిన సీనియర్ టీచరయినా, ఇది మీకోసం రాస్తున్నాను. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కాంప్లెక్స్ మీటింగ్ అంటే చాలాచోట్ల ఒకటే వరస. హాజరు సంతకం, పైనుంచి వచ్చిన సర్క్యులర్లు చదివి వినిపించడం, యాప్‌లో ఏ బడి వివరాలు ఇంకా ఎక్కలేదో తేల్చడం, టీ, ఫొటో, మళ్లీ సంతకం. మారుమూల ఊరి నుంచి ఆటో పట్టుకుని వచ్చిన టీచరమ్మ తిరిగి వెళ్లేటప్పుడు రేపటి క్లాసుకు పనికొచ్చేది ఒక్కటీ చేతిలో ఉండదు.

ఈ ఏర్పాటు పెట్టింది ఇందుకు కాదు. దగ్గర దగ్గర బడులన్నీ ఒక గుంపుగా ఉండి, ఒకరి పాఠం నుంచి ఇంకొకరు నేర్చుకోవాలని కొఠారీ కమిషన్ 1964-66లోనే చెప్పింది. జాతీయ విద్యా విధానం 2020 అదే మాట మళ్లీ చెప్పి, ప్రతి టీచరూ ఏడాదికి కనీసం 50 గంటలు వృత్తిపరంగా నేర్చుకోవడానికి కేటాయించాలంది. ఏకోపాధ్యాయ బడిలో పనిచేసేవాళ్లకు ఆ గంటల్లో చాలా భాగం దొరికే చోటు ఈ మీటింగే. నెలంతా వాళ్ల పాఠం చూసేవాళ్లుండరు, "ఇలా చేసి చూడండి" అని చెప్పేవాళ్లూ ఉండరు. అందుకే ఆ ఒక్క పూట నాకు అంత ముఖ్యం.

నేను చెప్పదలచుకున్నది ఒకటే. మీటింగ్ సర్క్యులర్‌తో మొదలవకూడదు, పిల్లల నోటుబుక్కులతో మొదలవాలి. పాఠం చూడడం, చూసింది మాట్లాడుకోవడం, పాఠ్యపుస్తకం మీద అభిప్రాయం పైకి పంపడం, అందరికీ సమాచారం రాయడం, ఇవన్నీ ఆ నోటుబుక్కుల్లో కనబడినదాని వెంటే నడవాలి.

వారం ముందు: ఒకే ఒక ప్రశ్న

ఎజెండాలో "గణిత బోధనలో మెలకువలు" అని రాస్తే ఆ పూట ఉపన్యాసాలతో గడిచిపోతుంది. ప్రశ్న ఎంత చిన్నదైతే చర్చ అంత లోతుకు వెళ్తుంది. "మూడో తరగతి పిల్లలు అప్పు తెచ్చుకునే తీసివేతలో ఎక్కడ తప్పుతున్నారు?" అన్నది సరైన కొలత. "నాలుగో తరగతి పిల్లలు ఒత్తులున్న మాట దగ్గర ఆగినప్పుడు ఏం చేస్తున్నారు?", "ఏడో తరగతిలో భిన్నాల కూడిక అడిగితే పైవి పైవీ, కిందివి కిందివీ కలిపేస్తున్నది ఎందరు?" ఇలాంటివి కూడా పనికొస్తాయి. హైస్కూలు సబ్జెక్టు మీటింగ్ అయితే ఆ నెల ఎఫ్‌ఏ (నిర్మాణాత్మక మూల్యాంకనం) పేపర్లో ఎక్కువమంది వదిలేసిన ప్రశ్న తీసుకోండి, వెతుక్కోనక్కర్లేదు.

ప్రశ్న ఎవరు నిర్ణయించాలి? మీరొక్కరే కాదు. వాట్సాప్ గ్రూపులో "ఈ నెల మీ క్లాసులో ఏది చెప్పినా ఎక్కడం లేదు?" అని అడగండి. మొదట ఎవరూ జవాబివ్వరు. ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి అడిగితే చెబుతారు, ఎందుకంటే గ్రూపులో రాస్తే "నాకు చెప్పడం రాదు" అని ఒప్పుకున్నట్టవుతుందని భయం. ఆ భయం పోవడానికి కొన్ని నెలలు పడుతుంది, తొందరపడకండి.

నోటుబుక్కులు తెప్పించే తీరు

"ఒక్కో బడి నుంచి 5 నోటుబుక్కులు తీసుకురండి" అని మాత్రమే చెబితే, ముత్యాల్లాంటి అక్షరాలున్న 5 వస్తాయి. అందుకని రోల్ నంబర్లు మీరే చెప్పండి: 2, 5, 8, 11, 14. పిల్లలు తక్కువున్న బడి అయితే ఉన్నవాళ్లందరివీ. అట్టమీద పేరు కనబడకుండా కాగితం అంటించమనండి. ఏ పుస్తకం ఏ బడిదో తెలియకపోతేనే చర్చ పుస్తకంలో ఉన్నదాని మీద ఉంటుంది, బడి మీదికి పోదు.

అందరికీ ఒకే 6 లెక్కలు ముందురోజు చేయించి తెమ్మనండి. ఇక్కడ ఒక సంగతి వివరంగా చెప్పాలి, ఎందుకంటే మొత్తం మీటింగ్ విలువ దీనిమీదే ఆధారపడి ఉంది.

52 నుంచి 27 తీసివేయమని ఇచ్చారనుకోండి. సరైన జవాబు 25. తప్పు చేసినవాళ్లలో ఎక్కువమంది 35 రాస్తారు. మనం ఎర్రపెన్నుతో ఇంటూ పెట్టి "అప్పు తెచ్చుకోవడం రాలేదు" అనేస్తాం. కానీ ఆ 35 రెండు దారుల్లో వస్తుంది. ఒక పిల్లాడు 2లోంచి 7 పోదు కాబట్టి తిరగేసి 7లోంచి 2 తీసి 5 రాశాడు, తర్వాత 5లోంచి 2 తీసి 3 రాశాడు. ఇంకో పాప పద్ధతిగానే అప్పు తెచ్చింది, 12లోంచి 7 తీసి 5 రాసింది, కానీ పదుల స్థానంలో ఒకటి తగ్గించడం మరిచిపోయి 5లోంచి 2 తీసి 3 రాసింది. ఇద్దరి జవాబూ 35. మొదటివాడికి పదుల కట్ట విప్పడం అంటే ఏమిటో అసలు తెలియదు. రెండో పాపకు అది తెలుసు, చివరి అడుగు ఒక్కటే జారింది. ఇద్దరికీ ఒకే పాఠం మళ్లీ చెబితే వాడికి చాలదు, ఆమెకు విసుగు.

ఇప్పుడు లెక్కలో ఒక్క అంకె మార్చి 53 నుంచి 27 తీసివేయమనండి. సరైన జవాబు 26. తిరగేసేవాడు 34 రాస్తాడు, తగ్గించడం మరిచిపోయే పాప 36 రాస్తుంది. ఎవరి కష్టం ఏమిటో కాగితం మీదే తేలిపోతుంది. ఒకట్ల స్థానంలో పై అంకెకూ కింది అంకెకూ తేడా 5 ఉన్న ప్రతి లెక్కలోనూ ఈ రెండు తప్పులూ ఒకే జవాబిస్తాయి. 61 నుంచి 36, 84 నుంచి 59, ఏదైనా చేసి చూడండి. కాబట్టి మీరిచ్చే 6 లెక్కల్లో అలాంటివి లేకుండా చూసుకోండి. మీ బడిలో వాడే వర్క్‌బుక్‌లో ఇలాంటివి ఎన్ని ఉన్నాయో ఆ మీటింగ్‌లోనే అందరూ కలిసి లెక్కపెట్టవచ్చు. పాఠ్యపుస్తకాన్ని పరిశీలించడం అంటే ఇలాంటి పనే. దానికి పెద్ద కమిటీ అక్కర్లేదు.

నోటుబుక్కులు వచ్చాక నలుగురేసి టీచర్లు ఒక బల్ల దగ్గర కూర్చుని మూడు కుప్పలు చేయాలి: వచ్చినవాళ్లు, తిరగేసేవాళ్లు, తగ్గించడం మరిచేవాళ్లు. ఏ కుప్పలోనూ పట్టనివి కొన్ని మిగులుతాయి. వాటి గురించి వాదించుకోనివ్వండి. "వీడు ఇలా ఎందుకు రాసుంటాడు?" అని నలుగురు పెద్దవాళ్లు ఒక పిల్లాడి లెక్కమీద తలలు వంచి కూర్చున్న అరగంట కంటే మంచి శిక్షణ నేను చూడలేదు. ఈ పనికి 30 నుంచి 40 నిమిషాలు ఇవ్వండి, కోత పెట్టకండి.

పాఠం చూసేటప్పుడు

మోడల్ లెసన్ అంటే మన దగ్గర ఒక చెడ్డ అలవాటు ఉంది. థర్మాకోల్, రంగు కాగితాలు, పిల్లలకు ముందే నేర్పిన జవాబులు. ఆ పాఠం రోజూ ఎవరూ చెప్పలేరు, చూసి వెళ్లినవాళ్లు "అంత టీఎల్‌ఎం (బోధన సామగ్రి) మనకెక్కడిది" అనుకుంటారు. మామూలు పాఠం చెప్పమనండి. రేపు ఆ క్లాసులో ఏ పాఠం చెప్పాలో అదే. కట్ట విప్పడం చూపించాలంటే పదేసి చీపురుపుల్లలు రబ్బరు బ్యాండు వేసిన కట్టలు చాలు, చింతపిక్కలయినా సరే.

చెప్పే టీచరును బలవంతంగా నిలబెట్టకండి. కొత్తగా మెగా డీఎస్సీ 2025లో వచ్చినవాళ్లను "మీరు కుర్రాళ్లు కదా, చెప్పండి" అని ముందుకు తోయడం చూస్తుంటాం. అది సరికాదు. మొదటి రెండు మూడు నెలలు అనుభవమున్నవాళ్లు, వీలైతే కాంప్లెక్స్ హెచ్‌ఎం గారే పాఠం చెప్పాలి. పెద్దవాళ్లు తమ పాఠాన్ని పదిమంది ముందు పెట్టినప్పుడే చిన్నవాళ్లకు ధైర్యం వస్తుంది.

మీటింగ్ జరిగే బడిలోని పిల్లలకే, వాళ్ల గదిలోనే పాఠం జరగాలి. పిల్లలు ఇళ్లకు వెళ్లకముందే ఆ పీరియడ్ పెట్టుకోండి. టీచర్లు వెనక బెంచీల్లో వరసగా కూర్చుంటే టీచరు ముఖం, పిల్లల వీపులు తప్ప ఏమీ కనబడవు. గోడవెంట పక్కగా సర్దుకుని, ఒక్కొక్కరు ఇద్దరు పిల్లల్ని మాత్రమే చూడమనండి. ఆ ఇద్దరూ పీరియడ్ మొత్తం ఏం చేశారు, ఏం రాశారు, ఎవరితో గుసగుసలాడారు, ఎప్పుడు కిటికీ వైపు చూశారు అన్నది రాసుకోవాలి. సాయం చేయకూడదు, జవాబు అందించకూడదు. ఇది పాటించడం టీచర్లకు చాలా కష్టం, చేయి దానంతటదే పలకమీదికి పోతుంది.

కాగితాన్ని మధ్యలో గీత గీసి రెండు భాగాలు చేయండి. ఎడమవైపు చూసింది, విన్నది మాత్రమే. కుడివైపు మీకు కలిగిన ఆలోచన. "పిల్లలు ఉత్సాహంగా ఉన్నారు" అన్నది ఎడమవైపు రాయకూడదు. "మూడో వరసలో ఎర్ర రిబ్బన్ పాప 4 సార్లు చేయెత్తింది, ఒకసారి కూడా పిలుపు రాలేదు" అన్నది రాయాలి. మన రాష్ట్రంలో సాల్ట్ ప్రాజెక్టు (ప్రపంచ బ్యాంకు సాయంతో బడి చదువుల మెరుగుదలకు పెట్టింది) కింద వాడుకలోకి వచ్చిన టీచ్ అనే తరగతి పరిశీలన పద్ధతిలో 15 నిమిషాల చొప్పున రెండు విడతలు చూసి, ఆ వెంటనే నిర్ణీత అంశాలకు స్కోరు ఇస్తారు. ఆ శిక్షణ పొందినవాళ్లు మీ కాంప్లెక్స్‌లో ఉంటే వాళ్ల అనుభవం తీసుకోండి, కానీ ఈ పూట స్కోర్లు మాత్రం వద్దు. అంకె వేసిన మరుక్షణం అందరి దృష్టీ అంకె మీదికే పోతుంది.

ఒక్కరికి గడియారం పని అప్పజెప్పండి. టీచరు ప్రశ్న అడిగాక ఎన్ని సెకన్లు ఆగారు? అమెరికాలో మేరీ బడ్ రో అనే పరిశోధకురాలు 1970ల్లో తరగతి గదుల రికార్డింగులు విని, టీచర్లు సగటున ఒక్క సెకను మాత్రమే ఆగుతున్నారని తేల్చారు. 3 సెకన్లకు పెంచితే పిల్లల జవాబులు పొడవయ్యాయి, ఎప్పుడూ నోరు విప్పనివాళ్లు కూడా మాట్లాడారు. 3 సెకన్లు వినడానికి తక్కువే, క్లాసులో నిలబడి ఆగి చూడండి, ఎంత పొడుగో తెలుస్తుంది. ఖర్చులేని మార్పుల్లో నాకు తెలిసినంతలో దీన్ని మించింది లేదు.

పిల్లల వీడియోలు తీయొద్దు. నోటుబుక్ పేజీ ఫొటో తీసుకోండి, పేరు లేకుండా. తప్పు చెప్పిన పిల్లాడి ముఖం వాట్సాప్ స్టేటస్‌లో తిరగకూడదు.

చూసింది చెప్పే తీరు

పాఠం అయ్యాక పిల్లల్ని పంపేసి, పదినిమిషాలు టీ తాగి, గుండ్రంగా కూర్చోండి. వరసల్లో వద్దు.

మొదట మాట్లాడాల్సింది పాఠం చెప్పినవాళ్లే. "మేడమ్, మీరు అనుకున్నట్టు జరిగింది ఏది, అనుకోనిది ఏది?" అని అడిగి, వాళ్లు పూర్తిచేసేదాకా ఎవరూ అడ్డురాకూడదు. తర్వాత చూసినవాళ్లు ఒక్కొక్కరు తమ ఇద్దరు పిల్లల గురించి చెబుతారు. టీచరు గురించి కాదు. "మీరు బోర్డుపని బాగా చేయలేదు" అనకూడదు. "నేను చూసిన బాబు బోర్డుమీది లెక్కను చూసి రాసుకున్నాడు, కానీ 5 కొట్టేసి 4 వేసిన చోట ఆగిపోయాడు, పక్కవాడి పలక చూశాడు" అనాలి. రెండో మాటలో తీర్పు లేదు. అయినా ఆ టీచరుకు ఏం మార్చుకోవాలో వెంటనే తెలుస్తుంది.

మనలో చాలామందికి ఇంకో రకం ఇబ్బంది ఉంది. ఎదుటివాళ్లు నొచ్చుకుంటారని "చాలా బాగుంది, అద్భుతం" అని చప్పట్లు కొట్టి ముగించేస్తాం. పాఠం చెప్పిన టీచరుకు దానివల్ల ఏమీ దొరకదు. మంచి చెప్పదలచుకుంటే అది కూడా కచ్చితంగా చెప్పండి: "తప్పు జవాబు చెప్పిన పిల్లాడిని కూర్చోబెట్టకుండా 'ఎలా వచ్చింది?' అని అడిగారు కదండీ, వాడు చెబుతూ చెబుతూ తనే దిద్దుకున్నాడు." ఇలా చెబితే విన్న పదిమందీ రేపు ఆ ప్రశ్న తమ క్లాసులో అడుగుతారు.

చివర్లో ఆ టీచరు ఒకే ఒక మార్పు ఎంచుకోవాలి. మనం ఎంచి ఇవ్వకూడదు. ఒకటే, రెండు కాదు. వచ్చే నెలలోగా దాన్ని చేసి చూసి, ఏమైందో చెబుతానని ఒప్పుకుంటే చాలు. మిగతావాళ్లూ తమకు నచ్చిన ఒక మార్పు రాసుకోవాలి.

అధికారం విషయం దాచకుండా మాట్లాడాలి. గదిలో ఎంఈవో (మండల విద్యాధికారి) గారుంటే అందరూ జాగ్రత్తగా మాట్లాడతారు, అది సహజం. ఎంఈవో గారికి ముందే విన్నవించుకోండి: "సార్, మీరు కూడా ఇద్దరు పిల్లల్ని చూసి, అందరిలాగే చెప్పండి." నాకు తెలిసిన చాలామంది అధికారులు దీన్ని సంతోషంగా ఒప్పుకుంటారు. పరిశీలన కాగితాలు పాఠం చెప్పిన టీచరుకే ఇచ్చేయాలి. వాటికి జిరాక్స్ తీయకూడదు, మినిట్స్ రిజిస్టర్లో పేరుతో రాయకూడదు, తనిఖీ రిపోర్టులో కలపకూడదు. ఒక్కసారి అలా కలిస్తే, ఆ తర్వాత ఆ కాంప్లెక్స్‌లో ఎవరూ మామూలు పాఠం చెప్పరు. మళ్లీ థర్మాకోలే వస్తుంది.

పాఠ్యపుస్తకం మీద మన మాట పైకి పంపడం

విద్యాహక్కు చట్టం 2009లోని సెక్షన్ 29 ప్రకారం పాఠ్య ప్రణాళికను, మూల్యాంకన పద్ధతిని నిర్ణయించేది రాష్ట్రం నియమించిన విద్యా సంస్థ. మన దగ్గర అది ఎస్‌సీఈఆర్‌టీ (రాష్ట్ర విద్యా పరిశోధన, శిక్షణ మండలి). టీచరు పాఠాన్ని తీసేయలేరు. కానీ అదే చట్టంలోని సెక్షన్ 24 సిలబస్ సకాలంలో పూర్తిచేయమంటూనే, ప్రతి పిల్లాడి స్థాయి చూసి అవసరమైన అదనపు బోధన కూడా చేయమంటుంది. ఈ రెండింటి మధ్య ఎక్కడ ఇరుకు వస్తుందో రోజూ చూసేది టీచరే. ఆ సంగతి పైకి చేరకపోతే పుస్తకం మారదు.

"పాఠాలు కష్టంగా ఉన్నాయి, సిలబస్ ఎక్కువైంది" అని రాసి పంపితే ఎవరూ ఏమీ చేయలేరు. ఒక్కో అంశానికి ఒక్కో వరస రాయండి: తరగతి, సబ్జెక్టు, సెమిస్టర్, పేజీ నంబరు, అక్కడ ఏముంది, ఎంతమంది పిల్లలకు చెప్పి చూశాం, వాళ్లు ఏం చేశారు, మా సూచన ఏమిటి. "ఫలానా పేజీలోని 8 తీసివేత లెక్కల్లో 3 ఒకట్ల తేడా 5 ఉన్నవి, వాటిలో తప్పు ఎక్కడ జరిగిందో టీచరుకు తెలియదు, ఇలా మార్చవచ్చు" అని రాసి కొత్త లెక్కలు జతచేస్తే, పుస్తకం రాసే కమిటీలో కూర్చున్నవాళ్లు దాన్ని నేరుగా వాడుకోగలరు. నెలకు 3 వరసలు మించకండి.

2020-21 నుంచి మన పుస్తకాలు ద్విభాషా పుస్తకాలయ్యాయి కదా, ఒక పక్క ఇంగ్లిష్, ఎదుటి పక్క తెలుగు. వీటిని చూడడానికి ఒక సులువైన పద్ధతి ఉంది. ఇద్దరు టీచర్లు ఎదురెదురుగా కూర్చుని, ఒకరు ఇంగ్లిష్ పేజీ మాత్రమే, మరొకరు తెలుగు పేజీ మాత్రమే చదివి, పిల్లలు చేయాల్సిన పని ఏమిటో విడివిడిగా రాయాలి. రెండు కాగితాలూ పక్కన పెట్టి చూడండి. ఎక్కడ తేడా ఉందో అక్కడ పిల్లలు కూడా తడబడుతుంటారు. లెక్కలు, పరిసరాల విజ్ఞానం రెండింటికీ ఇది బాగా పనిచేస్తుంది.

ఇచ్ఛాపురం, కవిటి, మందస వైపు ఇంట్లో ఒడియా మాట్లాడే పిల్లలున్న కాంప్లెక్స్‌లు, మెళియాపుట్టి, పాతపట్నం వైపు సవర పిల్లలున్న కాంప్లెక్స్‌లు మూడో కాగితం కూడా పెట్టుకోవాలి: అదే పేజీని పిల్లాడు ఇంటి భాషలో ఎలా చెప్పాడు? అదే సెక్షన్ 29 ఆచరణలో వీలైనంతవరకు మాతృభాషలో బోధన ఉండాలంటుంది. ఇది మన ప్రాంతానికి కొత్త కూడా కాదు. శ్రీకాకుళం దగ్గర పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు రామమూర్తి పర్లాకిమిడిలో టీచరుగా ఉంటూ సవర భాష నేర్చుకుని, ఆ పిల్లలకు వాళ్ల భాషలోనే వాచకాలు తయారుచేశారు. బడిలో పాఠం చెప్పే మనిషే పుస్తకం ఎలా ఉండాలో చెప్పగలడని ఆయన చేసి చూపించారు.

అందరూ ఒక్క అభిప్రాయానికి రాకపోతే? రానక్కర్లేదు. మెజారిటీ మాట రాసి, ఒప్పుకోనివాళ్ల మాట కూడా కారణాలతో కింద రాయండి. విజయనగరం గురజాడ అప్పారావు మద్రాసు విశ్వవిద్యాలయం వేసిన తెలుగు ఉపసంఘంలో ఉండి, మెజారిటీ సభ్యులతో ఏకీభవించక 1914లో తన అసమ్మతిని విడిగా, వివరంగా రాసి సమర్పించారు. ఉపసంఘంలో ఆ రోజు ఆయన పక్షం నెగ్గలేదు, కానీ రాసిపెట్టిన కాగితం మిగిలింది, తర్వాతి తరాలు చదువుకున్నాయి. మీ మినిట్స్ రిజిస్టర్లో అసమ్మతికి ఒక పేరా జాగా ఎప్పుడూ ఉంచండి.

ఈ కాగితం ఎంఈవో ఆఫీసు ద్వారా డైట్‌కు (జిల్లా విద్యా శిక్షణ సంస్థకు) వెళ్లాలి. శ్రీకాకుళం జిల్లాకు వమరవల్లి డైట్, విజయనగరం జిల్లాకు విజయనగరం డైట్. పంపిన తేదీ రిజిస్టర్లో రాయండి. డైట్ లెక్చరర్‌ను ఏడాదికి ఒక్కసారైనా మీ మీటింగ్‌కు పిలిచి, ఉపన్యాసం ఇవ్వమనకుండా నోటుబుక్కుల బల్ల దగ్గర కూర్చోమనండి. అక్కడ శిక్షణ పొందుతున్న ఛాత్రోపాధ్యాయులు కూడా వస్తే ఇంకా మంచిది, వాళ్లకు ఆ కుప్పలే గొప్ప పాఠం.

వార్షిక ప్రణాళికలో మన అక్టోబరు

పాఠ్య ప్రణాళిక పరిశీలన అంటే పుస్తకం ఒక్కటే కాదు, ఏ పాఠం ఏ నెలలో వస్తుందన్నది కూడా. రాష్ట్రమంతటికీ ఒకటే క్యాలెండర్, కానీ మన అక్టోబరు రాయలసీమ అక్టోబరులా ఉండదు. ఫైలిన్ 2013 అక్టోబరు 12న, హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న తీరం దాటాయి. తిత్లీ 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటి ఉద్దానాన్ని కుదిపేసింది. మూడూ ఒకే వారం. దసరా సెలవులు, విజయనగరంలో పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవం కూడా ఆ చుట్టుపక్కలే. కాబట్టి భిన్నాల వంటి గట్టి పాఠాన్ని అక్టోబరు రెండో వారంలో మొదలుపెట్టకండి. సెప్టెంబరులోనే పూర్తిచేయండి, లేదా ఆ వారానికి చదివించడం, పునశ్చరణ, ప్రాజెక్టు పని ఉంచుకోండి.

తీరం మండలాల్లో తండ్రులు గుజరాత్ రేవులకు చేపలవేటకు వెళ్తారు. కొన్ని ఇళ్లల్లో పిల్లలు కొన్నాళ్లు కనబడరు. మీ కాంప్లెక్స్‌లో ఏ నెలలో ఎందరు తగ్గుతున్నారో హాజరు పట్టీల నుంచి తీసి గోడకు అంటించండి. అది చూశాక ఏ పాఠం ఎప్పుడు పెట్టాలో మాటల్లేకుండానే తేలుతుంది. ఈ పని జూన్ రెండో వారంలో బడులు తెరిచాక జరిగే మొదటి మీటింగ్‌లో చేయండి.

ఒక్క పేజీ సమాచారం

మీటింగ్ అయిన 3 రోజుల్లోగా కాంప్లెక్స్‌లోని ప్రతి టీచరుకూ, రాలేకపోయినవాళ్లకు తప్పనిసరిగా, ఒక పేజీ వెళ్లాలి. మినిట్స్ వేరు, ఇది వేరు. మినిట్స్‌లో "తీర్మానించడమైనది" అని రాస్తాం. ఇందులో మాట్లాడినట్టే రాయాలి. పీడీఎఫ్ కాకుండా వాట్సాప్‌లో మామూలు మెసేజ్‌గా పంపితే ఎక్కువమంది చదువుతారు. నమూనా చూడండి, అంకెలు ఊరికే ఉదాహరణకు వేసినవి:

"టీచర్లందరికీ నమస్కారం. ఈ నెల మూడో తరగతి తీసివేత చూశాం. 40 నోటుబుక్కుల్లో 18 మందికి పూర్తిగా వచ్చింది. 13 మంది పెద్ద అంకెలోంచి చిన్నది తిరగేసి తీస్తున్నారు. 7 మంది అప్పు తెచ్చి పదులు తగ్గించడం మరుస్తున్నారు. ఇద్దరివి అర్థం కాలేదు, వాళ్ల టీచర్లు పిల్లల్ని కూర్చోబెట్టి 'ఎలా చేశావు?' అని అడిగి చెబుతామన్నారు. తిరగేసేవాళ్లకు వారం రోజులు కాగితం పని ఆపి చీపురుపుల్లల కట్టలతో చేయించండి. మరిచేవాళ్లకు కట్టలు అక్కర్లేదు, పదుల అంకె కొట్టేసి కొత్తది పైన రాశాకే ఒకట్లు తీయాలని అలవాటు చేయండి. ప్రశ్న అడిగాక 3 సెకన్లు ఆగడం అందరం ప్రయత్నిస్తున్నాం. పుస్తకం గురించి 2 సూచనలు డైట్‌కు పంపాం. పోయిన నెల పంపినదానికి జవాబు ఇంకా రాలేదు. వచ్చే మీటింగ్‌కు రోల్ నంబర్లు 1, 4, 7, 10, 13 వాళ్ల నోటుబుక్కులు తెండి."

ఇందులో టీచరు పేరు లేదు, బడి పేరు లేదు. ఏం చేయాలో ఉంది. జవాబు రాకపోతే రాలేదని ఉంది, వస్తే ఏమొచ్చిందో ఉండాలి. అభిప్రాయం అడిగి, దాని సంగతి మళ్లీ ఎత్తకపోతే మూడోసారి ఎవరూ చెప్పరు. సర్క్యులర్లు, యాప్ వివరాలు కూడా ఈ మెసేజ్ కిందనే రెండు వాక్యాల్లో రాసేయండి. అలా చేస్తే మీటింగ్‌లో వాటికి సమయం పోదు.

తర్వాతి మీటింగ్ మొదటి 15 నిమిషాలు "పోయిన నెల అనుకున్న మార్పు ఏమైంది?" అన్నదానికే. చేయలేకపోయినవాళ్లు ఎందుకు కుదరలేదో చెప్పాలి, సంజాయిషీలా కాదు. నాలుగు తరగతులను ఒకే గదిలో నడిపే టీచరు "మూడో తరగతికి కట్టలిచ్చేసరికి ఒకటో తరగతి పిల్లలు అల్లరి" అంటే, అది ఆ నెలకు అసలైన సమస్య. ఆ బడికి సీఆర్‌ఎంటీ గారు ఒక పూట వెళ్లి ఒకటో తరగతిని పట్టుకుంటే, టీచరు మూడో తరగతితో కూర్చోగలరు. ఎవరు ఏ రోజు వెళ్తారో అక్కడే తేదీ వేసి రాసుకుని, ఆ తర్వాతే నోటుబుక్కుల కట్ట విప్పండి.